బ్యాటరీ బండి కొనబోవువారికి ఒక మనవి

సాయంకాలపు గంట కొట్టిన పిదప మన పాఠశాల ద్వారమువద్ద పదినిమిషములు నిలిచినవారికి, ఈ సంవత్సరమున బాలురు దేనినిగూర్చి మాటలాడుకొనుచున్నారో తెలియకపోదు. నిన్నటివరకు క్రికెట్టు పరుగులను లెక్కించిన నోళ్లే నేడు కిలోమీటర్లను లెక్కించుచున్నవి. తన మేనమామ కొన్న బండి ఒక్క ఛార్జింగుతో నూటయేబది పోవునని యొకడు చెప్పగా, తన అన్న ఆర్డరు చేసినది నూటతొంబది పోవునని మరియొకడు చెప్పును. పెట్రోలు పోయనక్కరలేని, పొగ విడువని, చప్పుడు చేయని ద్విచక్రవాహనము ఖమ్మము పట్టణమును దాటి, కొత్తగూడెము, పాల్వంచ, భద్రాచలముల మీదుగా మన అడవి యంచు గ్రామములకు వచ్చియున్నది. దానిని కొనవలెనా, మానవలెనా యను చర్చ అనేక గృహములలో జరుగుచున్నది. తలిదండ్రులు కొందరు ఉపాధ్యాయులను సలహా యడుగుచున్నారు. అందుచేత ఈ విషయమై నాకు తోచిన నాలుగు మాటలను మన వార్షిక సంచికయందు వ్రాయ సాహసించుచున్నాను.

నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. బండి ఒక్క ఛార్జింగుతో ఎంత దూరము పోవునను ప్రశ్నకంటె, అది నిలిచిపోయిననాడు దానిని బాగుచేయువాడు మన యింటికి ఎంత దూరమున నున్నాడను ప్రశ్న మన ప్రాంతమువారికి ముఖ్యమైనది. మొదటి దూరము ప్రకటనలో పెద్ద అక్షరములతో నచ్చువేయబడి యుండును. రెండవ దూరమును ఏ ప్రకటనయు చెప్పదు. దానిని మనమే విచారించి తెలిసికొనవలెను.

నేను దీనిని విచారింపక నష్టపడినవాడను గనుక, స్వానుభవము నొకదానిని మనవి చేసికొనుచున్నాను. రెండు సంవత్సరముల క్రిందట ఒక బ్యాటరీ బండిని ఫోనుద్వారా ఆర్డరు చేసి బయానా చెల్లించితిని. నాలుగు వారములలో వచ్చునని చెప్పిన బండి పదునొకండు వారములకు వచ్చెను. వచ్చిన పిదప ఎనిమిది నెలలు నమ్మకమైన సేవకునివలె పనిచేసెను. అంతట వానకాలమున నొక యుదయమున, బ్యాటరీ నిండియుండగనే, కదలక నిలిచిపోయెను. పెట్రోలు బండి ఇంజనును కన్నులు మూసికొని విప్పి బిగింపగల మా యూరి మెకానిక్కు దాని చుట్టు రెండుమారులు తిరిగి, "సారూ, దీనిలో నేను విప్పి చూచుటకేమున్నది?" అనెను. బండిని ట్రాలీ ఆటోలో నెక్కించి ఖమ్మమునకు పంపితిని. కంట్రోలరను భాగము పైనుండి రావలెనని చెప్పి ఇరువదియారు దినములు దానిని అచ్చటనే యుంచుకొనిరి. అన్ని దినములును నేను పాత తొక్కుడు సైకిలుపై బడికి వచ్చితిని. బండికొరకు చేసిన అప్పుయొక్క నెలవారీ వాయిదా మాత్రము ఒక్క దినమైనను ఆగలేదు.

నేను ఉపాధ్యాయుడను. నా ఆలస్యమువలన ఒక పాఠము పోవును, అంతే. కాని మన గ్రామములలో బండిని నమ్ముకొని బ్రదుకువారు మరికొందరున్నారు. గూడెమునుండి గూడెమునకు టీకాల పెట్టె మోసికొనిపోవు ఏ.ఎన్.ఎం., తెల్లవారకమునుపే పాలు తీసికొనిపోవు పాడిరైతు, వారపు సంతలను తిరుగు చిల్లర వర్తకుడు, ఆదివారమునాడు మూడు గ్రామములలో ఆరాధన జరుపవలసిన పాదిరిగారు, వీరి బండ్లు ఇరువదియారు దినములు నిలిచిపోయినచో కలుగు నష్టము వేరు.

ఇది నా యొక్కనికే కలిగిన కష్టము కాదు. ఒక ప్రసిద్ధ విద్యుద్వాహన సంస్థపై 2023 సెప్టెంబరు మొదలు 2024 ఆగష్టువరకు, ఒక్క సంవత్సరకాలములో, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 10,600కు పైగా ఫిర్యాదులు చేరినవి. వాటిలో 3,300కు మించినవి మరమ్మతు ఆలస్యమును గూర్చినవే. బండిని సకాలమున అందజేయలేదనునవి దాదాపు 1,900. పట్టణములలోనే ఇట్లుండగా, అడవి యంచున నున్నవారి మాట చెప్పనేల?

మన ప్రాంతపు చరిత్రలోనే ఇందుకు తగిన దృష్టాంతమొకటి కలదు. భద్రాచలమునకు ఎగువన, దుమ్ముగూడెమువద్ద, గోదావరికి అడ్డముగా నున్న ఆనకట్టను చదువరులలో అనేకులు చూచియుందురు. మధ్యభారతపు ప్రత్తిని పడవలమీద సముద్రతీరమునకు దించవలెనను తలంపుతో పందొమ్మిదవ శతాబ్దమున సాగిన మహాప్రయత్నములో అది యొక భాగము. ఆ పనిని నడపిన ఇంజనీరు హేగ్ దొరగారే దుమ్ముగూడెపు మిషను పనికిని మూలపురుషుడు. పడవలకు ఆటంకమైన రాతి అవరోధములు నదిలో మూడున్నవి. దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు, కాలువయు, లాకులును ఏర్పడినవి. పై యవరోధములవద్ద పని పూర్తికాకమునుపే 1871లో ఆ ప్రయత్నమును విడిచిపెట్టిరి. దుమ్ముగూడెపు కట్టడ మెంత గట్టిదైనను, దానిని దాటిన పడవ పై యవరోధమువద్ద ఆగవలసినదే గదా! బ్యాటరీ బండి కొనువాడును తన మార్గములో తెగియున్న చోటెక్కడనో ముందుగా చూచుకొనవలెను. మనకు ఆ చోటు సాధారణముగా మరమ్మతు శాలయే.

ఇక బండిని ఎన్నుకొను విధమును చూతము. మనదేశపు మోటారు వాహన నిబంధనల ప్రకారము విద్యుచ్ఛక్తితో నడచు ద్విచక్రవాహనములు రెండు తరగతులు. మోటారు శక్తి 250 వాట్లకు, వేగము గంటకు 25 కిలోమీటర్లకు, బ్యాటరీని మినహాయించిన బరువు 60 కిలోగ్రాములకు లోబడియున్నవి మొదటి తరగతి. వీటికి రిజిస్ట్రేషను గాని, డ్రైవింగు లైసెన్సు గాని అక్కరలేదు. 2020లో హైదరాబాదునందలి ఆటుమొబైల్ అను సంస్థ 50,000 రూపాయల వెలతో విడుదల చేసిన ఆటం 1.0 అను బండి యీ తరగతిలోనిది. ఆ పరిమితులను మించినవన్నియు రెండవ తరగతి. ఇవి పెట్రోలు మోటారు సైకిళ్లవలెనే చట్టమునకు లోబడినవి. రిజిస్ట్రేషను, బీమా, లైసెన్సు, హెల్మెట్టు, అన్నియు కావలెను. సొంతమునకు వాడుకొను విద్యుద్వాహనమునకు ఆకుపచ్చని పలకపై తెల్లని అక్షరములతో నంబరు వ్రాయవలెను.

ఈ రెంటి నడుమ కల్తీ సరకొకటి కలదు. చూచుటకు మొదటి తరగతివలె నుండి, లోపలి యమరికను మార్చిన పిదప గంటకు నలుబది, యేబది కిలోమీటర్లు పోవునట్టి బండ్లను "లైసెన్సు అక్కరలేదు" అని చెప్పి యమ్మువారున్నారు. ఆ మాటను నమ్మరాదు. పూణేలోని ఏ.ఆర్.ఏ.ఐ., మానేసరులోని ఐక్యాట్ మున్నగు పరీక్షాసంస్థలు ఆ నమూనా కిచ్చిన ఆమోదపత్రమును చూపుమని యడుగవలెను. చూపలేనివానివద్ద కొనకుండుటయే మేలు. ఊరిలోనే నాలుగైదు కిలోమీటర్లు తిరుగు పెద్దలకు మొదటి తరగతి బండి చాలును. భద్రాచలమునుండి కొత్తగూడెమునకు సుమారు 40 కిలోమీటర్లు పోవలసినవానికి అది దాదాపు రెండు గంటల ప్రయాణమగును. అట్టివానికి రెండవ తరగతియే తగును.

అటుపిమ్మట దూరపు లెక్క. ఇది మన ఉన్నత తరగతుల బాలబాలికలు భౌతికశాస్త్రమున నేర్చినదే. బ్యాటరీ వోల్టులను ఆంపియర్-గంటలతో హెచ్చవేసినచో వాట్-గంటలు వచ్చును. 48 వోల్టులు, 24 ఆంపియర్-గంటలు గల బ్యాటరీలో 1,152 వాట్-గంటలు, అనగా ఒక యూనిటుకంటె కొంచె మెక్కువ శక్తి యిముడును. రెండవ తరగతిలో మూడు యూనిట్ల బ్యాటరీ గలవి సామాన్యముగా కనబడును. ప్రకటనలోని దూరము నిర్ణీతమైన పరీక్షలో వచ్చినది. మన బాటలు ఆ పరీక్షవంటివి కావు. ఇద్దరు కూర్చుండి, బియ్యపు మూటతో, గుంటలబాటలో ఎగుడుదిగుడులను దాటిపోవునప్పుడు కిలోమీటరునకు 40 వాట్-గంటలు ఖర్చగునని యెంచుట క్షేమము. అప్పుడు మూడు యూనిట్లు 75 కిలోమీటర్లకు వచ్చును. అందులో నైదవ వంతును ఆపద్ధర్మముగా మిగుల్చుకొనవలెను గనుక, నమ్మదగిన దూరము 60 మాత్రమే. భద్రాచలమునుండి చర్లకు సుమారు 60 కిలోమీటర్లు. అచ్చట ఛార్జింగు పెట్టుకొను వసతి యుండిననే గాని ఆ బండి నాటి సాయంకాలము తిరిగి రాలేదు. సంవత్సరములు గడచినకొలది బ్యాటరీ బలము తగ్గును గాన, నేటి యవసరమునకు సరిగా సరిపోవు బండి మూడేండ్లకు చాలకపోవును. ఈ లెక్కను తండ్రి చేయలేనిచో కుమార్తె కూర్చుండి చేసి చూపవలెను. చదువునకు అంతకంటె మంచి ప్రయోజనమేమున్నది?

మన ప్రాంతపు ఎండయు, వానయు బండిని పరీక్షించును. మే మాసమున కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతములలో ఉష్ణము 45 డిగ్రీలకు చేరుట మనమెరుగనిది కాదు. లిథియము బ్యాటరీకి అంతటి వేడిలో ఛార్జింగు హానికరము. మధ్యాహ్నము ఎండలోనుండి వచ్చిన వెంటనే తగిలింపక, బండిని నీడను నిలిపి, ఒక గంట చల్లారనిచ్చి, వేకువను గాని రాత్రి మొదటి జామున గాని ఛార్జింగు పెట్టవలెను. లిథియము ఐరన్ ఫాస్ఫేటు రకపు బ్యాటరీ కొంత బరువైనను వేడిని మెరుగుగా నోర్చును. ఎక్కువ కాలము మన్నును. సీసపు బ్యాటరీ చవుక, కాని త్వరలోనే బలహీనమగును. వర్షకాలపు మాట: బ్యాటరీపై ఐ.పి. 67 అని వ్రాసియున్నచో, ధూళి చొరదనియు, ఒక మీటరు లోతు నీటిలో అరగంట యున్నను నీరు చొరదనియు అర్థము. అది క్రొత్త బ్యాటరీని నిశ్చలమైన నీటిలో నుంచి చూచిన పరీక్ష. పొంగుచున్న వాగును బండితో దాటుటకు అది అనుమతిపత్రము కాదు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు పొంగిన సంగతి మనకెల్లరకు జ్ఞాపకమే. వరద హెచ్చరిక వచ్చిననాడు మొదట మెరక నెక్కించవలసిన వస్తువులలో ఈ బండియు నొకటి.

మన ప్రాంతమునకు మరియొక ప్రత్యేకపు అవసరము కలదు. కొన్ని బండ్ల తాళమును, ఇతర సౌకర్యములను ఫోనుతోనే నడపవలెను. అడవిలోపలి బాటలలో ఫోనునకు సిగ్నలు అందని చోటులనేకము. కావున తాళపుచెవితోను తెరువగల బండినే ఎన్నుకొనవలెను. చక్రముల గాలి, బ్రేకు కట్టెలు, బల్బులు మున్నగునవి మన యూరి మెకానిక్కు మార్చగల రకమునై యుండవలెను.

అగ్నిభయమును గూర్చి చెప్పక విడువరాదు. 2022 ఏప్రిలు మాసమున నిజామాబాదులోను, విజయవాడలోను బండినుండి విప్పి యింటిలోపల ఛార్జింగు పెట్టిన బ్యాటరీలు ప్రేలి మనుష్యులు మరణించిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సికింద్రాబాదునందు విద్యుద్వాహనముల అంగడి గల భవనములో మంటలు లేచి, పై యంతస్తులలోని వసతిగృహమునకు పొగ వ్యాపింపగా ఎనమండుగురు ప్రాణములు కోల్పోయిరి. ఈ ఘోరముల పిదప ప్రభుత్వము బ్యాటరీల పరీక్షలను కఠినము చేసెను. ఏ.ఐ.ఎస్. 156 అను ప్రమాణపు సవరణలు 2022 డిసెంబరు, 2023 మార్చి మాసములలో రెండు దశలుగా అమలులోనికి వచ్చినవి. కాబట్టి అంతకు పూర్వము తయారైన పాత సరకును చవుకగా నిచ్చెదమన్నను కొనరాదు. బ్యాటరీని పడకగదిలోను, బయటికి పోవు ద్వారమువద్దను ఛార్జింగు పెట్టరాదు. అందరు నిద్రించు వేళ దానిని విడిచిపెట్టరాదు. బండితో వచ్చిన ఛార్జరును తప్ప మరియొకదానిని వాడరాదు. ఎర్తు తీగె సరిగా లేని పాత ప్లగ్గును ముందుగా మార్పించుకొనవలెను.

ఖర్చు మాటకు వత్తము. ఛార్జింగులో నష్టమగు శక్తినిగూడ కలుపుకొని, ఒక్కడు పోవునప్పుడు ఒక యూనిటునకు 25 కిలోమీటర్లు వచ్చునని యెంచుడు. యూనిటు 5 రూపాయలైనచో కిలోమీటరునకు ఇరువది పైసలు. లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలుతో, లీటరునకు 50 కిలోమీటర్లు పోవు బండికి కిలోమీటరునకు రెండు రూపాయలకు పైగా నగును. నెలకు వేయి కిలోమీటర్లు తిరుగువానికి సుమారు 1,800 రూపాయలు మిగులును. ఇది చిన్న సొమ్ము కాదు. కాని రెండు సంగతులను మరువరాదు. మొదటిది: తెలంగాణమున 2024 మార్చినుండి గృహజ్యోతి పథకము క్రింద నెలకు 200 యూనిట్లవరకు వాడు అర్హులైన గృహములకు కరెంటు బిల్లు లేదు. ఆ పరిమితి దాటిన నెలలో బిల్లునంతయు చెల్లించవలెను. ఇప్పటికే 170 యూనిట్లు వాడు ఇంటిలో బండికి మరి 40 యూనిట్లు చేరినచో ఉచితము పోవును. రెండవది: కొన్ని సంవత్సరములకు బ్యాటరీని మార్చవలసి వచ్చును. దాని వెల బండి వెలలో మూడవ వంతునుండి సగమువరకు నుండవచ్చును. మిగిలిన 1,800లో కొంత నెలనెల అందుకొరకు దాచనివాడు మిగుల్చుకొన్నట్లు కాదు.

ఈ బండి పొగ విడువదనుటయు సంపూర్ణసత్యము కాదని మన పిల్లలకు తెలియవలెను. 1889లో ఇల్లెందువద్ద త్రవ్వుట కారంభించిన సింగరేణి బొగ్గు, నేడు పాల్వంచ, మణుగూరు విద్యుత్కేంద్రములలో మండుచున్నది. మణుగూరువద్ద భద్రాద్రి కేంద్రముయొక్క శక్తి యే 1,080 మెగావాట్లు. మన బండి వెనుక కనబడని పొగ ఆ పొగగొట్టములనుండి లేచును. అయినను లెక్క బండి పక్షమునే యున్నది. పెట్రోలు బండి కిలోమీటరునకు సుమారు 46 గ్రాముల బొగ్గుపులుసు వాయువును విడువగా, మనదేశపు కరెంటుతో నడచు బండికి సుమారు 28 గ్రాములు వచ్చును. మేలు కలదు, కాని ప్రకటనలు చెప్పునంత కాదు.

బండిని నిర్ణయించుకొన్న పిదప ఆర్డరు చేయు పద్ధతి. నేను పొరబడిన తావులనే చెప్పుచున్నాను. మొదట, చూడని బండికి సొమ్ము కట్టరాదు. మన బాటమీద, మనము నిత్యము మోయు బరువుతో, ఒక్కమారైనను నడిపి చూడవలెను. రెండవది, వెలను భాగములుగా వ్రాయించుకొనవలెను: బండి యెంత, ఛార్జరెంత, బీమా యెంత, రిజిస్ట్రేషను ఖర్చెంత. ఛార్జరును వేరుగా నమ్మి బండి వెలను తక్కువగా చూపిన కొన్ని ప్రసిద్ధ సంస్థలు 2023లో ఆ సొమ్మును కొన్నవారికి తిరిగి చెల్లింప నొప్పుకొనవలసి వచ్చెను. మూడవది, ప్రభుత్వపు రాయితీని గూర్చి అంగడివాని మాటతో తృప్తిపడరాదు. కేంద్రప్రభుత్వపు పి.ఎం. ఇ-డ్రైవ్ పథకము 2024 అక్టోబరులో బ్యాటరీ శక్తి యూనిటునకు 5,000 రూపాయలతో ఆరంభమై, 2025 ఏప్రిలునుండి 2,500 రూపాయలకు తగ్గెను. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18 మొదలు 2026 డిసెంబరు 31వరకు విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించెను. ఇట్టివి గడువుతో కూడినవి గనుక, కొను దినమున నున్న నిబంధనను విచారింపవలెను. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరిన ఎటపాక, కూనవరము, చింతూరు ప్రాంతములవారు తమ రాష్ట్రపు నిబంధనను వేరుగా తెలిసికొనవలెను.

నాలుగవది, సొమ్మును సంస్థ ఖాతాకే చెల్లించి రశీదు పుచ్చుకొనవలెను. ఫోనులో పలికిన ఎవని సొంత ఖాతాకును పంపరాదు, ఓ.టి.పి.ని ఎవరికిని చెప్పరాదు. 2022లో ఒక పేరుగల బండిని అమ్మెదమని దొంగ వెబ్‌సైటు పెట్టి అనేకులను మోసగించిన ముఠాలో ఇరువదిమందిని ఢిల్లీ పోలీసులు పట్టుకొనిరి. మోసపోయినట్లు తెలిసిన నిమిషముననే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఐదవది, బండి అందు తేదీని, అందనిచో బయానా తిరిగి యిచ్చు షరతును వ్రాతమూలముగా తీసికొనవలెను. ఆరవది, బండి వచ్చిననాడు ఛాసిస్, మోటారు, బ్యాటరీ నంబరులను బిల్లుతో సరిచూచి, వారంటీ ఎన్ని సంవత్సరములో, ఎన్ని కిలోమీటర్లో, బ్యాటరీ బలము ఎంతకు తగ్గినచో మార్చి యిత్తురో చదివి సంతకము చేయవలెను. న్యాయము జరుగనిచో వినియోగదారుల సహాయ నంబరు 1915 కలదు. వీటన్నింటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న ఇది: "ఈ బండి మా యూరిలో నిలిచిపోయినచో ఎవరు వత్తురు? ఎన్ని దినములలో వత్తురు? కంట్రోలరును, ఛార్జరును మీ అంగడిలో నిలువ యుంచెదరా?" జవాబు తడబడినచో, బండి యెంత సొగసైనదైనను నమస్కరించి వెనుకకు రావలెను.

ఇచ్చట తలిదండ్రులకు ప్రత్యేకముగా నొక మాట. తొమ్మిదవ, పదవ తరగతి బాలునకు బహుమానముగా బండి కొనిచ్చుట మనలో నాచారమగుచున్నది. పదునెనిమిదేండ్లు నిండనివాడు రెండవ తరగతి బండిని నడిపి పట్టుబడినచో, 2019లో సవరింపబడిన మోటారు వాహన చట్టముయొక్క 199ఎ విభాగము క్రింద తండ్రికి గాని బండి యజమానికి గాని మూడేండ్లవరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. చట్టము మాట యటుండనిండు. ఈ బండికి చప్పుడు లేదు. మసక వెలుతురులో అడవిబాట దాటు ముదుసలికి గాని, మేతనుండి మరలు పశువులకు గాని అది వచ్చుచున్నట్లు వినబడదు. అనుభవము లేని చేతికి అట్టి వేగము నిచ్చుట ప్రేమ యనిపించుకొనదు.

"ఇన్ని చిక్కులున్నచో బండి కొనకుండుటయే మేలు గదా? మరమ్మతు శాల మన యూరికి వచ్చిన పిదప చూతము" అని కొందరనవచ్చును. ఆ వాదములో కొంత సత్యము కలదు. కాని కొనువారు లేనిచోటికి మరమ్మతు శాల రాదు. మరమ్మతు శాల లేనిచోట కొనుట నష్టము. ఈ ముడిని విప్పుటకు నాకు తోచిన మార్గము రెండు విధములు. మొదటిది, ఒక గ్రామమువారు గాని సంఘమువారు గాని తలయొక బండిని కొనక, కలిసి విచారించి ఒకే రకమును ఎన్నుకొనవలెను. పదిమంది కలిసి ఆర్డరు చేయునప్పుడు, నెలకొకమారు పనివానిని పంపవలెననియు, ముఖ్యమైన విడిభాగములను భద్రాచలమునందే యుంచవలెననియు షరతు పెట్టగలరు. ఒక్కని మాటను వినని వర్తకుడు పదిమంది మాటను వినును. నేనీ పని చేయక ఒంటరిగా కొంటిని. ఇరువదియారు దినములు సైకిలు తొక్కితిని.

రెండవది మన విద్యార్థుల చేతిలో నున్నది. ఉద్యోగమనగానే పట్టణమునే తలచు బాలబాలికలారా! మోటారు, కంట్రోలరు, బ్యాటరీ, తీగెల యమరిక, ఈ నాలుగింటిని క్షుణ్ణముగా నేర్చినవారికి రాబోవు కాలమున మన అడవి యంచు గ్రామములలోనే పని కలదు. పదవ తరగతి ముగిసిన పిదప ఐ.టి.ఐ.లో ఈ విద్య నభ్యసించుట ఇంటరు చదువుటకంటె తక్కువ గౌరవమైనది కాదు. నా బండిచుట్టు రెండుమారులు తిరిగిన ఆ మెకానిక్కు తెలివితక్కువవాడు కాడు. అతనికి నేర్పినవారు లేరు. మీలో నొకరు నేర్చికొని వచ్చి, అతని దుకాణములోనే అతనితో కలిసి కూర్చుండినచో, ఏ.ఎన్.ఎం. బండి నిలిచిన సాయంకాలమే మరల కదలును.

పనికి పూనుకొనకమునుపు ఖర్చు లెక్కచూచుకొనని గోపుర నిర్మాత కథను మనము బైబిలు తరగతిలో ఏటేట చదువుచున్నాము. ఈ వేసవిలో బండి కొనదలచిన తలిదండ్రులు ఆ కథను ఒక్కమారు స్మరించి, ఒక కాగితముమీద రెండు దూరములను వ్రాయుదురు గాక: బండి పోవు దూరమొకటి, బాగుచేయువాడున్న దూరమొకటి. రెండవది మొదటిదానికి లోబడి యున్నచో సంతోషముగా కొనుడు. లేనిచో, మరికొంత కాలము ఓర్చి, మీ పొరుగువారితో మాటలాడుడు.